శనివారం నూనె

"జరుగు వదినా. బండివాడు పొద్దున్నుంచీ కాచుకోని ఉండాడు."

"ఉండనీ."

"ఎద్దులు ఎండలో నిలబడి ఉండాయి."

"ఇప్పి నీడకు కట్టమను. నేను లేచేది లేదు."

హనుమక్క ఇనుము కోసే లేతు మిషను మీద కూర్చుంది. కొట్టం మధ్యలో ఆరడుగుల పొడుగున్న ఆ ఇనుప బల్ల మీద కాళ్లు మడుచుకుని, కొంగు బిగించుకుని కూర్చుంది. పాత ఇనుము కొనే ఆసామి పంపిన కూలీలు నలుగురు మోకు పట్టుకుని నిలబడ్డారు. ఆడమనిషి కూర్చున్న వస్తువుకు మోకు ఎట్లా కట్టాలో వాళ్లకు పాలుపోలేదు.

మరిది నాగప్ప పైపంచెతో మొహం తుడుచుకున్నాడు. అరిచే మనిషి కాదు. హిందూపురం బజారులో అతని గొంతు పెరగడం ఎవరూ వినలేదు.

"వదినా, ఇది ఊరికే నీ మొగుడి సొత్తు కాదు. మాయన్నా నేనూ కలిసి కొన్నాం. ఎనిమిదేండ్లుగా నేను ఒక్క మాట అన్నానా? నిన్న గడ్డపార దూర్చి నీ కొడుకూ నేనూ ఇద్దరం పట్టి తిప్పినాం. ఇంచీ కదల్లేదు. ఇది చచ్చిన ఇనుము. యుద్ధం జరుగుతాంది కాబట్టి అడిగేవాడు ఉండాడు. రేపు యుద్ధం నిలిచిపోతే వీధిలో పారేసినా ఎవరూ ఎత్తుకోని పోరు. నాకు కొట్టం కావాల. పట్టుగూళ్లు పోసుకునేదానికి చోటు లేక చస్తాండా."

"మీ అన్న వచ్చి అడిగితే ఏం చెప్పాల?"

బర్మాలో రంగం మీద బాంబులు పడి రెండేళ్లు కావస్తోంది. అక్కడికి పనికి పోయిన ఆమె మొగుడు తిమ్మరాజు దగ్గర నుంచి అప్పటి నుంచీ ఉత్తరం లేదు. అడవుల గుండా నడిచి వచ్చినవాళ్లు వచ్చారు. రానివాళ్ల గురించి ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

గడప మీద కూర్చున్న కొడుకు సుంకన్న తల ఎత్తకుండా అన్నాడు. "లేమ్మా. చిన్నాయన చెప్పేది నిజమే. అది ఇంక తిరగదు."

ఆ మాటకు హనుమక్క కళ్లు కొడుకు మీద నిలిచాయి. సోమవారం పొద్దుటి బండికి అతను బెంగుళూరు పోతున్నాడు. అక్కడి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కాగితం అతని జేబులోనే ఉంది. లేతు పోతే కొట్టం పోతుంది, కొట్టం పోతే కొడుకు వెనక్కి రావడానికి ఈ ఇంట్లో పనంటూ మిగలదు. ఆమెకు అర్థమైంది అంతే. అందుకే కూర్చుంది.

వంటింట్లోంచి కోడలు ఈశ్వరి బయటికి వచ్చింది. రాగిపిండి చేతులతోనే లేతు దగ్గరికి వచ్చి, అత్త కాలి పక్కన ఇనుము మీద గోరు పెట్టి గీసింది. గోధుమరంగు పెచ్చు ఒకటి లేచింది. దాని కింద, గోరు పోయిన మేరకు, సన్నటి తెల్లటి గీత మెరిసింది.

"చిన్నమామా, ఇట్ల చూడు. ఇది తుప్పు కాదు."

"మరేంది?"

ఈశ్వరి వాసన చూసింది. "జిడ్డు. దీపం కుందె అడుగున గట్టిగా పట్టుకుంటుంది చూడు, ఇట్లాంటిదే. తుప్పయితే ఇనుమును తినేసేది. ఇది తినలేదు. పట్టుకోని కూర్చుంది."

"మీ అత్త మాదిరి," అన్నాడు నాగప్ప. కూలీలు నవ్వారు. హనుమక్క నవ్వలేదు.

"సోమవారం పొద్దున దాకా ఆగు. అప్పటికీ తిరక్కపోతే నేనే దగ్గరుండి మోకు కట్టిస్తా."

"ధర్మవరం పిల్లకు పట్టు తెలుసు. ఇనుము గూడా తెలుసునా?"

"నాకు తెలీదు. తెలిసినాయన పెనుకొండలో ఉండాడు గదా."

ఆ ఇంట్లో ఎనిమిదేళ్లుగా ఎవరూ ఎత్తని పేరును, పలక్కుండానే, ఈశ్వరి ఎత్తింది.

నాగప్ప వదిన మొహం చూశాడు, కోడలి మొహం చూశాడు. మోకు చుట్టి భుజాన వేసుకోమని కూలీలకు సైగ చేశాడు.

"సోమవారం. పొద్దున్నే వస్తా. ఎద్దులతోనే వస్తా."

*

ఈశ్వరి కబురు అందుకుని ఖాదర్‌వలి పెనుకొండ నుంచి శుక్రవారం పొద్దుటి రైలుకు దిగాడు. ఈశ్వరి ముందు నడుస్తుంటే, ఎడమ మోకాలు సరిగా వంగక, చేతిసంచిలో పనిముట్లు గలగలలాడుతుంటే వెనకే వచ్చాడు. అరవై దాటిన మనిషి. గడ్డం పూర్తిగా నెరిసింది.

అతనూ తిమ్మరాజూ ఈ కొట్టంలో పదిహేనేళ్లు పక్కపక్కన పనిచేశారు. తిమ్మరాజు రంగం ప్రయాణం కట్టినప్పుడు పోవద్దని అడ్డం పడింది ఖాదర్‌వలి ఒక్కడే. "నేను పోతే ఈ లేతు మీద నీ కూడు పోతుందని ఆపుతాండావు," అన్నాడు తిమ్మరాజు. ఆ మాట విన్నాక ఖాదర్‌వలి సుత్తి కింద పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ ఈ గడప తొక్కలేదు.

హనుమక్క తలుపు పక్కన నిలబడి ఉంది. ఏం మాట్లాడాలో రాత్రంతా అనుకుంది. తీరా నోరు తెరిస్తే ఒకటే వచ్చింది.

"నీళ్లు తాగుతావా అన్నా?"

"ఎనిమిదేండ్లకు పిలిపించి నీళ్లతో సరిపెడతావా? కాపీ లేదా?"

హనుమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఆమె కాఫీ గింజలు నూరే చప్పుడు చాలాసేపు వినిపించింది. రెండు లోటాల కాఫీకి అంతసేపు నూరక్కర్లేదు.

ఖాదర్‌వలి లేతును వెంటనే ముట్టలేదు. చుట్టూ ఒకసారి తిరిగాడు. తొక్కుడు పలక కాలితో కదిలించాడు, కదల్లేదు. పెద్ద చక్రం చేత్తో పట్టి చూశాడు. చివరికి తల వంచి, ఎడమ చేతి వైపున్న బేరింగు పక్కన కొత్తగా పడ్డ గాటు దగ్గర ఆగాడు.

"ఈ గాటు ఎవరు పెట్టినారు?"

సంగతేందో చూసిపోదామని వచ్చి వీధి గుమ్మంలో నిలబడ్డ నాగప్ప ఇబ్బందిగా కదిలాడు. "గడ్డపార జారింది."

"పంటినొప్పి వచ్చినోని దవడ మీద గుద్దుతావా నాగప్పా నువ్వు?"

"తిరుగుతుందా లేదా చెప్పు ఖాదరన్నా."

"ముందు దానికి నువ్వు చేసింది మరిచిపోనీ." సంచి కింద పెట్టాడు. "సీమనూనె కావాల. ఇంట్లో ఎంత ఉండాది?"

యుద్ధం వచ్చాక కిరసనాయిలు కార్డు మీదే ఇస్తున్నారు. ఈశ్వరి లోపలికి పోయి నెలకంతా ఉంచుకున్న సీసా తెచ్చింది. ఖాదర్‌వలి సీసాను వెలుతురుకు ఎత్తి చూసి పెదవి విరిచాడు. గోడ అవతల నుంచి వింటున్న పక్కింటి పుల్లమ్మ తన సీసా గోడ మీదుగా అందించింది.

"మా ఇంట్లో పొద్దు గూకకముందే తిని పండుకుంటాంలే. పనికానీండి. ఆ మిషను చప్పుడు విని ఎన్నేండ్లాయనో."

బేరింగుల పైన నూనె పోసే రంధ్రాలు పూర్తిగా పూడుకుపోయాయి. ఖాదర్‌వలి సన్నటి తీగతో ఒక్కోటి తవ్వాడు. చుక్క చుక్కగా కిరసనాయిలు వదిలాడు. అది దిగేదాకా ఆగి మళ్లీ వదిలాడు. ఆగడం అతనికి వచ్చు. సుంకన్నకు రాదు.

"ఇట్లయితే నెల పడుతుంది. పైన జిడ్డంతా ఉప్పుకాగితం పెట్టి రుద్దేస్తే పోతుంది గదా."

"ఆ కాగితం ఈ కొట్టంలోకి తెచ్చినావంటే నిన్ను రుద్దుతా దాంతో. ఆ గరుకు పొడి సందుల్లోకి పోతే లోపల కూర్చోని రోజూ ఇనుమును కొరుకుతుంది. మీ నాయన నీకు ఇది చెప్పలేదా?"

"మా నాయన నాకు చెప్పేదానికి ఉంటే గదా."

ఖాదర్‌వలి గుడ్డపీలిక తడిపి అతని చేతిలో పెట్టాడు. సుంకన్న తీసుకున్నాడు. తుడిచాడు. అయిష్టంగానే తుడిచాడు కానీ, చేతివేళ్లు మాత్రం ఏ సందులోకి ఎట్లా పోవాలో మరిచిపోలేదని ఈశ్వరి గమనించింది.

మధ్యాహ్నానికి ఊడదీయగలిగినవన్నీ ఊడదీశారు. ఒక్కో బోల్టూ ఏ రంధ్రంలోంచి వచ్చిందో అదే రంధ్రంలోకి పోవాలని ఖాదర్‌వలి ఖచ్చితంగా చెప్పాడు. నలభైకి పైగా ఉన్నాయి. సున్నంతో గుర్తులు పెడదామంటే కిరసనాయిల్లో నిలవవు.

ఈశ్వరి తన పుట్టింటి నుంచి తెచ్చుకున్న సంచి విప్పింది. మగ్గం మీద చీర అయిపోయాక మిగిలే పట్టుపోగుల తునకలు, రంగు రంగులవి, చిన్న చిన్న ఉండలుగా చుట్టి ఉన్నాయి. ఒక తునక రెండుగా తుంచి సగం బోల్టుకు, సగం ఆ రంధ్రం పక్కన ముడివేసింది. చిలకపచ్చకు చిలకపచ్చ, మామిడిపండు రంగుకు మామిడిపండు రంగు. రంగులు అయిపోయాక రెండు రంగులు మెలివేసి కట్టింది. పాత చీర పరిచి దాని మీద వరుసగా పేర్చింది.

"తెగిన పోగు యాడిదో ఆడికే అతకాల గదా మాకు," అంది. "లేకుంటే చీరంతా పోతుంది."

ఖాదర్‌వలి ఆ చీర ముందు కూర్చుని రంగులన్నీ చూశాడు. "నలభై ఏండ్ల పనిలో ఇది నాకు తోచలేదు," అన్నాడు.

సందెవేళ ఇంట్లో వెలుతురు ఉండగానే వడ్డించింది ఈశ్వరి.

"దీపం పెట్టలేదే?" అన్నాడు సుంకన్న.

"సీమనూనె లేతు తాగేసింది."

"దాని మీద ఉండే ధ్యాస నా ప్రయాణం మీద లేదు ఇంట్లో ఎవరికీ. నా పెట్టె ఎవరైనా సర్దినారా?"

"నీ పెట్టె నన్ను ముట్టొద్దన్నావు గదా. నువ్వే తాళం వేసుకున్నావు."

సుంకన్న అన్నం వైపు చూసి, ముద్ద నోట్లో పెట్టుకుని మాట మార్చాడు. ఈశ్వరి మార్చనిచ్చింది. పెళ్లయి ఏడాది కాలేదు. మొగుడు అబద్ధం చెప్పేటప్పుడు ముందు అన్నం వైపు చూస్తాడని ఆమెకు అప్పటికే తెలుసు.

*

శనివారం పొద్దున హనుమక్క తలకు పోసుకుని, దేవుడి ముందు దీపం వెలిగించి, ఆ నూనె గిన్నె పట్టుకుని కొట్టంలోకి వచ్చింది. లేతు దగ్గర నిలబడి, ముందు రోజు తెరిచిన మొదటి రంధ్రంలోకి గిన్నె వంచబోయింది.

"ఆగక్కా!"

ఖాదర్‌వలి కేకకు గిన్నె తొణికింది.

"ఏందది?"

"నూనె. ఈపొద్దు శనివారం గదా."

"ఏం నూనె?"

"ఇంట్లో ఉండే నూనె. చెనిక్కాయ నూనె." ఆమెకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఆయన శనివారం నాడు పోయినాడు. రైలెక్కేముందు ఇదొక్కటే చెప్పినాడు. 'వారానికొకసారి నూనె పొయ్యి, ఎండనీకు, నేనొచ్చేనాటికి తిరుగుతా ఉండాల' అన్నాడు. ఆయన పెట్టిపోయిన డబ్బా నూనె ఆరు నెలలకు అయిపోయింది. ఆ తర్వాత దేవుడి దీపానికి పోసేదే దీనికీ పోస్తాండా. ఒక్క వారం తప్పలేదు అన్నా. జరమొచ్చినప్పుడు గూడా పాక్కుంటా వచ్చి పోసినా."

ఈశ్వరి గుడ్డ పిండటం ఆపింది. సుంకన్న తల తిప్పుకున్నాడు.

హనుమక్క ముగ్గురి మొహాలూ చూసింది. చదువు లేకపోయినా మొహాలు చదవడం ఆమెకు వచ్చు.

"తప్పా?"

"తినే నూనె ఎండుతుందక్కా," అన్నాడు ఖాదర్‌వలి నెమ్మదిగా. "గాలి తగిలేకొద్దీ బంకయిపోతుంది. బంక మీద మళ్లీ నూనె పడితే ఇంకో పొర. మిషనుకు పోసేది భూమిలో దొరికే నూనె. అది ఎండదు."

"అయితే దీన్ని బిగించేసింది నేనేనా?"

ఖాదర్‌వలి తల వంచి చేతులు తుడుచుకున్నాడు.

"గడ్డపార పెట్టినోని మీద అరిచినావే. నా మీద అరువు."

ఆమె నూనె గిన్నె నేల మీద పెట్టింది. పెట్టిన చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. ఎనిమిదేళ్లలో నాలుగు వందల శనివారాలు. ఆమె మనసులో అన్నీ ఒకదాని మీద ఒకటి గోధుమరంగు పొరలుగా పేరుకున్నాయి.

ఖాదర్‌వలి మోకాలు పట్టుకుని లేచాడు. నిన్నటి నుంచి కిరసనాయిలు గుడ్డ కప్పి ఉంచిన చోట గుడ్డ ఎత్తాడు. మెత్తబడ్డ జిడ్డును చెక్కముక్కతో ఒక్క గీటు గీకి, గుడ్డతో తుడిచాడు.

"ఇట్ల రా. వంగి చూడు."

ఇనుము అద్దంలా లేదు, అద్దం కంటే బాగుంది. దాని మీద సన్నటి చంద్రవంకల్లాంటి గీతలు వరసలు వరసలుగా, నిన్న చెక్కినట్టే ఉన్నాయి. అవి ఎప్పుడో ఈ మిషను చేసినవాళ్లు చేత్తో గీకి నునుపు చేసిన గుర్తులు.

"పైకప్పు చూడు. ఏడు పెంకులు పగిలినాయి. ఎనిమిది వానాకాలాలు నీళ్లు దీని మీదనే పడినాయి. నువ్వు ఏమీ పోయకుండా ఉంటే ఈపొద్దు నేను వచ్చేది మట్టి ఎత్తేదానికి. నీ నూనె దీన్ని బిగించింది, నిజమే. ఆ నూనే దీన్ని కాపాడింది గూడా. బిగుసుకున్నదాన్ని వదిలించొచ్చు. తుప్పు తిన్నదాన్ని ఎవరు తెస్తారు?"

హనుమక్క ఆ చంద్రవంకల మీద వేలు పెట్టి ఒక్కో వరసా తడిమింది.

"నాకు పని చెప్పన్నా," అంది చివరికి. "ఉత్తచేతులతో నిలబడలేను."

"వత్తులు చేస్తావా? బేరింగుల మీద ఉండే ఈ నూనె గిన్నెల్లో ఒక్కోదానికి ఒక వత్తి కావాల. వత్తి నూనెను పీల్చి కొంచెం కొంచెం వదులుతుంది. పత్తి వద్దు, మెత్తబడి కూర్చుంటుంది. ఉన్ని కావాల."

హనుమక్క లోపలికి పోయి తిమ్మరాజు కప్పుకునే మడకశిర కంబళి తెచ్చింది. ఎనిమిదేళ్లుగా మడతపెట్టి ఉంచింది. అంచు దగ్గర పట్టి, ఎవరి వైపూ చూడకుండా, నూలు లాగడం మొదలుపెట్టింది.

*

ఆదివారం బేరింగుల మూతలకు వేడినీళ్లలో ముంచిన గుడ్డలు చుట్టారు. చల్లారకముందే మళ్లీ ముంచి చుట్టారు. పొయ్యి దగ్గరికీ కొట్టంలోకీ ఈశ్వరి ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. మూడో జాముకు ఖాదర్‌వలి కొయ్యసుత్తి తీసుకుని, రాగితునక ఒకటి అడ్డం పెట్టి, మెత్తగా తట్టాడు. తట్టి విన్నాడు. మళ్లీ తట్టాడు.

టక్కుమంది.

చిన్న చప్పుడే. కానీ వాకిట్లో కొబ్బరాకు చీలుస్తున్న పుల్లమ్మ కూడా చీల్చడం ఆపింది.

"తిప్పు," అన్నాడు ఖాదర్‌వలి సుంకన్నతో.

సుంకన్న పెద్ద చక్రం మీద చెయ్యి వేశాడు. ముందు జానెడు కదిలింది. తర్వాత మూరెడు. తర్వాత మొత్తం తిరిగింది. అతని మొహంలో ఒక క్షణం పద్నాలుగేళ్ల పిల్లవాడు కనిపించి మాయమయ్యాడు. వెంటనే చెయ్యి తీసేశాడు.

మిగిలిన జిడ్డు కడుగుతుండగా ఎడమ కొస దగ్గర ఈశ్వరి ఆగిపోయింది.

"మామా, ఈడ ఒక ఇరుసు ఉండాది. దీనికి చక్రం లేదు. నేను దీనికి పోగు కట్టలేదు. చీర మీద గూడా మిగిలింది ఏమీ లేదు."

ఖాదర్‌వలి వంగి చూశాడు. లేచినప్పుడు అతని మొహం మారిపోయింది.

"మరలు కోసే చక్రం. బేరింగుల ధ్యాసలో నేను చూసుకోనే లేదు. అది లేకుంటే ఈ మిషను నునుపు చేస్తుంది, అంతే. బోల్టు మీద మెలిక గాడి, ఒక్క మర గూడా కొయ్యలేదు. మరలు కొయ్యని లేతుకు ఎవరు పని తెస్తారు?" ఇరుసు చుట్టూ వేలితో తడిమాడు. "చుట్టూ జిడ్డు గట్టిగా ఉండాది. చక్రం కూర్చునే చోట మాత్రం తళతళమంటాంది. ఇది ఎప్పుడో పోయింది కాదు. దీన్ని ఊడదీసి నెల గూడా కాలేదు."

హనుమక్క చేతిలో ఉన్ని నూలు ఆగింది. ఈ నెలలో కొట్టంలోకి వచ్చిన బయటివాడు ఒక్కడే. గడ్డపారతో వచ్చాడు.

ఆమె ఆ పేరు పైకి అనలేదు. ఆ సాయంత్రం ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అందరికంటే తక్కువ మాట్లాడింది సుంకన్న.

*

సోమవారం నాగప్ప చెప్పినట్టే ఎద్దులతో వచ్చాడు. కూలీలు మోకు దించుకున్నారు.

లేతు నల్లగా, శుభ్రంగా, పాత చోటనే నిలబడి ఉంది. నలభై బోల్టుల పట్టుపోగులూ జతలు కలుపుకుని బిగుసుకున్నాయి. పోగులు ఇంకా విప్పలేదు. దాంతో మిషను పెళ్లికి సింగారించినట్టు ఉంది. ఖాదర్‌వలి తన సంచిలోంచి పొడుగు ముక్కు నూనె డబ్బా తీశాడు. ధర్మవరంలో నూనెమిల్లు ఇంజను నడిపే స్నేహితుడి దగ్గర తెచ్చిన మిషను నూనె. హనుమక్క వత్తులు ఒక్కో గిన్నెలో దించి, డబ్బా ఆమె చేతికే ఇచ్చాడు.

"నువ్వే పొయ్యి. శనివారం కాకపోయినా ఫరవాలేదు."

ఆమె పోసింది. ఒక్క చుక్కా కింద పడలేదు.

"తొక్కేవాళ్లు కావాల," అన్నాడు ఖాదర్‌వలి తన మోకాలు చూసుకుంటూ. సుంకన్న ఇంటి లోపల పెట్టె దగ్గర ఉన్నాడు. పిలిచినా రాలేదు.

ఈశ్వరి కుచ్చెళ్లు ఎగదోపుకుని పలక మీద కాలు పెట్టింది.

"నువ్వా?" అన్నాడు నాగప్ప.

"మాయన్నకు జరమొస్తే మూడు నెలలు మగ్గం గుంటలో కూర్చున్నా చిన్నమామా. తొక్కడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు."

నొక్కింది. పెద్ద చక్రం కదిలింది, తోలు బెల్టు పట్టుకుంది. మగ్గం తొక్కిన కాలు అది. తొందరపడలేదు, తడబడలేదు. ఖాదర్‌వలి లేతు దవడల్లో బిగించిన ఇనుప కడ్డీ గిర్రున తిరిగింది. ఉలి ఆనించగానే సన్నటి ఇనుప పొట్టు చుట్టలు చుట్టుకుంటూ నేల మీద పడింది. ఎనిమిదేళ్లుగా ఆ వీధిలో వినిపించని చప్పుడు వినిపించింది. పుల్లమ్మ గోడ మీదికి ఎక్కి చూసింది. కూలీల్లో ఒకడు మోకు కింద పడేసి దగ్గరికి వచ్చాడు.

నాగప్ప కడ్డీని చేతిలోకి తీసుకుని వేలితో తడిమాడు. వేడిగా ఉంది. పంచెతో పట్టుకుని మళ్లీ తడిమాడు.

"బండి పోనీండప్పా," అన్నాడు కూలీలతో. "మాయన్న మిషను తిరుగుతాంది. గూళ్లకు ఇంకో చోటు చూసుకుంటా."

హనుమక్క నూనె డబ్బా పట్టుకునే అతని ఎదుటికి వచ్చింది.

"అంత మంచివాడివి, ఆ చక్రం గూడా ఇచ్చిపో మరిదీ."

"ఏ చక్రం?"

"మరలు కోసే చక్రం. నువ్వు తప్ప ఈ కొట్టంలోకి ఎవరొచ్చినారు?"

నాగప్ప మొహం రక్తం ఇంకిపోయినట్టు పాలిపోయింది. "వదినా, ఎనిమిదేండ్లు నీ ఇంటికి బియ్యం నేను మోసినా. ఇనుము కావాలంటే పట్టపగలు, ఎద్దులతో వచ్చి అడిగినా. నేను దొంగనా?"

"చిన్నాయన కాదు."

సుంకన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ప్రయాణానికి తెల్లచొక్కా వేసుకున్నాడు. చేతిలో పాత గుడ్డమూట ఉంది. వచ్చి తల్లి ముందు కూర్చుని, మూట విప్పి, అరచేయంత ఇత్తడి చక్రం ఆమె ఒడిలో పెట్టాడు.

"ఫ్యాక్టరీ కాగితం వచ్చిన రోజు ఊడదీసినా. ఇది తిరిగితే నువ్వు దీని పక్కనే కూర్చోని నాయన కోసం కాచుకుంటావు. నన్ను గూడా కూర్చోబెడతావు. అందుకే తీసినా. బావిలో వేద్దామని రెండుసార్లు పోయినా. చేతులు రాలేదమ్మా. దీని పళ్లు నాయన కోసినవి. నేను పక్కన నిలబడి చూసినా."

ఈశ్వరి కాలు పలక మీద నుంచి తీసింది. చక్రం తనంతట తాను కొంతసేపు తిరిగి నిలిచిపోయింది.

హనుమక్క ముందు మరిది వైపు తిరిగింది. "నాగప్పా, నిన్ను ఆ మాట అన్న నోరు నాది. తప్పు నాదే. అందరి ముందర అన్నా, అందరి ముందరే ఒప్పుకుంటాండా."

తర్వాత ఇత్తడి పళ్లను బొటనవేలితో తడుముతూ కూర్చుంది. కొడుకు తిట్టు కోసం ఎదురుచూశాడు, లేకపోతే ఏడుపు కోసం. రెండూ రాలేదు.

"మీ నాయన పోతానన్నప్పుడు నూనె పొయ్యమంటే సరే అన్నా. ఏం నూనె అని గూడా అడగలేదు. ఎన్నాళ్లకొస్తావని అడగలేదు. రాకపోతే నేనేం కావాలని అడగలేదు. అడిగితే అపశకునమని నోరు మూసుకున్నా." ఆమె గొంతు నిదానంగా ఉంది. "నిన్ను ఉండమని నేను చెప్పను. తిరిగే మిషను ఉండాది, తొక్కే కోడలు ఉండాది, ఏ నూనె పొయ్యాల్నో నాకు తెలిసింది. నువ్వు పోయినా ఈ కొట్టం మూతపడదు. పోయేముందు ఈ చక్రం యాడ, ఎట్ల బిగించాల్నో మాకు చూపించి పో. అది మాత్రం చెప్పకుండా పోనీను."

పెనుకొండ వైపు నుంచి బెంగుళూరు బండి కూత వినిపించింది. ముందుగా వచ్చేసింది. స్టేషను నడిచిపోతే పావుగంట.

"దీన్ని బిగించేదానికి ఎంతసేపు పడుతుంది?" అన్నాడు సుంకన్న ఖాదర్‌వలితో.

"మీ నాయనకయితే పావుగంట."

సుంకన్న తెల్లచొక్కా చేతులు పైకి మడిచాడు. చక్రం తల్లి ఒడిలోంచి తీసుకుని ఇరుసు మీద కూర్చోబెట్టాడు. ఈశ్వరి వచ్చి పక్కన కూర్చుంది. సంచిలో మిగిలిన ఆఖరి పట్టుపోగు తీసి, రెండుగా తుంచి, సగం ఇరుసు పక్కన కట్టింది. రెండో సగం అతనికి అందించింది.

అతను దాన్ని బోల్టు చుట్టూ ముడివేయడం మొదలుపెట్టాడు. అలవాటు లేని ముడి. ఒకసారి జారిపోయింది, మళ్లీ వేశాడు.

బండి స్టేషనులోకి వచ్చిన చప్పుడు వినిపించింది. బోల్టు ఇంకా అతని చేతిలోనే ఉంది. ఎవరూ తొందరపెట్టలేదు.